చెప్పాల్సింది రిజిస్ట్రేషన్ రోజే చెప్పండి

తెలంగాణ మున్సిపల్, పంచాయతీరాజ్, రెవెన్యూ, నీటిపారుదల, స్టాంపులు-రిజిస్ట్రేషన్ల శాఖల అధికారులకు, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) ప్లానింగ్ విభాగానికి, ప్లాటు కొన్న ఒక కుటుంబం నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఇందులోని విషయాలు మీకు కొత్త కాదు. మున్సిపాలిటీలో ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకున్న కాపీ, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ రసీదు, నీటిపారుదల డివిజన్ ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు నకలు, అన్నీ నా దగ్గర ఉన్నాయి. వెళ్లిన ప్రతి చోటా మర్యాదగానే మాట్లాడారు, కాదనను. కానీ రాతపూర్వకంగా జవాబు ఒక్కరూ ఇవ్వలేదు. మున్సిపాలిటీ వాళ్లు ఇరిగేషన్ అన్నారు, ఇరిగేషన్ వాళ్లు రెవెన్యూ అన్నారు, రెవెన్యూ వాళ్లు మళ్లీ మున్సిపాలిటీకే వెళ్లమన్నారు. అందుకే అందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మా ఒక్కరి సంగతి కాదు. 2016లో ఔటర్ రింగ్ రోడ్డు అవతల, అప్పటికి గ్రామ పంచాయతీగా ఉన్న చోట 200 గజాల ప్లాటు కొన్నాం. సర్పంచ్, కార్యదర్శి సంతకాలు, పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ కాపీ చూపించారు. భూమి మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ తీయించాం, లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించాం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు పెట్టి ఫొటో దిగి అప్పటి లెక్క ప్రకారం 6 శాతం కట్టాం. 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకం పెడితే 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేశాం. ఇప్పుడు ఇల్లు కట్టుకుందామని వెళితే 'సర్వే నంబర్ చెరువు దగ్గరుంది, ఎన్ఓసీ తెండి' అంటున్నారు, అంటే అభ్యంతరం లేదని సంబంధిత శాఖ ఇచ్చే పత్రం. ఆ ఎన్ఓసీ ఎవరిస్తారో, ఎన్నాళ్లకిస్తారో చెప్పే మనిషి లేడు.

మేం అడిగేది ఒకటే. ఒక భూమిలో ఇల్లు కట్టుకోవచ్చో లేదో ప్రభుత్వానికి తెలిసినదంతా కొనేవాడికి రిజిస్ట్రేషన్‌కు ముందే, కాగితం మీద చెప్పాలి. చెప్పిన మాటకి తర్వాత కట్టుబడాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. డబ్బు కట్టించుకునే చోట ఎవరూ నోరు విప్పరు. ఇసుక, ఇటుక దింపుకున్నాక మాత్రం అన్ని శాఖలకీ అన్ని నిబంధనలూ గుర్తొస్తాయి.

ముందే ఒక మాట. చెరువులు కాపాడొద్దని మేం అనడం లేదు. 2020 అక్టోబర్ వానలకు గుర్రం చెరువు, పల్లె చెరువు, అప్పా చెరువు కట్టలు తెగి కాలనీలకు కాలనీలు మునిగిపోవడం హైదరాబాద్ అంతా చూసింది. నీళ్ల దారిలో ఇల్లు కడితే ఏమవుతుందో పుస్తకాలు చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. మా ప్లాటు నిజంగా చెరువులో ఉంటే మేం అక్కడ కట్టం, కట్టనివ్వమని అడగం కూడా. ఉందో లేదో తేల్చి చెప్పమంటున్నాం, అంతే.

ఇక అసలు విషయాలు.

1. రిజిస్ట్రేషన్ ఆఫీసు తీసుకునే డబ్బు, చెప్పని నిజం

'మా పని దస్తావేజు నమోదు చేయడమే, భూమి మంచి చెడ్డలు మీరే చూసుకోవాలి' అని అక్కడ చెబుతారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అది నిజమే కావచ్చు. కానీ అదే చట్టంలో 22-ఎ సెక్షన్ ఉంది. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి, సీలింగ్ మిగులు భూమి సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో పెట్టి, వాటి మీద దస్తావేజు వస్తే కంప్యూటర్‌లోనే ఆపేస్తున్నారు. అంటే సర్వే నంబర్ కొట్టి చూసి ఆపగల ఏర్పాటు మీ దగ్గర ఇప్పటికే ఉంది. మరి అదే తెర మీద ఆ లేఅవుట్‌కి అనుమతి ఉందా, మాస్టర్ ప్లాన్‌లో ఆ నంబర్ ఏ జోన్‌లో ఉంది, చెరువు గీత ఎంత దూరం అన్నవి ఎందుకు కనిపించవు? ఈసీలో ఎవరు ఎవరికి అమ్మారో ఉంటుంది, ఎవరు తాకట్టు పెట్టారో ఉంటుంది. కొన్నవాడి బతుకు తేల్చే ఈ మూడు సంగతులు మాత్రం ఉండవు.

2021 జులై నుంచి మొత్తం 7.5 శాతం కడుతున్నాం: స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఇందులో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థానిక సంస్థ వాటా. 20 లక్షల ప్లాటు మీద లక్షన్నర కడితే, అందులో 30,000 పంచాయతీకో మున్సిపాలిటీకో దక్కాల్సిన సొమ్ము. ఏ అమ్మకం మీద ఆ వాటా వస్తుందో, ఆ అమ్మకంలోని లేఅవుట్ అక్రమమని రెండేళ్ల తర్వాత అదే స్థానిక సంస్థ నోటీసు ఇస్తుంది. అక్రమమని తెలిసి వాటా ఎలా తీసుకున్నారు? తెలియకపోతే, మాకెలా తెలియాలి?

2020 ఆగస్టు 26న ఒక మెమోతో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా ఆపేశారు. ఆ ఏడాది చివర్లో, అప్పటికే ఒకసారి రిజిస్టర్ అయిన వాటికి మళ్లీ తలుపు తెరిచారు. ఆ నాలుగు నెలల్లో పెళ్లిళ్లకి, ఆస్పత్రి ఖర్చులకి ప్లాటు అమ్ముకోవాల్సిన వాళ్లు ఏమైపోయారో ఏ శాఖ దగ్గరా లెక్క లేదు. దశాబ్దాలుగా రిజిస్టర్ చేసినవాటిని ఒక్క కాగితంతో ఆపగలిగినప్పుడు, ఆ ఆపడమేదో మొదటి అమ్మకం రోజునే చేసి ఉండాల్సింది.

2. ఎల్ఆర్ఎస్: అమ్మినవాడు వదలని పార్కుకు కొన్నవాడు కడుతున్నాడు

అనధికార లేఅవుట్లను క్రమబద్ధం చేస్తామంటూ 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020 ఆగస్టు 31న 131 జీవోతో ఇంకోసారి పథకం తెచ్చారు. చివరిసారి దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. తలకి 1,000 అనుకున్నా దరఖాస్తు రుసుమే 250 కోట్ల పైచిలుకు. తర్వాత కోర్టు కేసులు, ఎన్నికలు, కొత్త ప్రభుత్వం, ఏళ్ల తరబడి ఫైళ్లు కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇస్తామని మార్చి 31 గడువు పెట్టారు, ఆ గడువునీ పొడిగించారు. డబ్బు కట్టడానికి మాకు గడువు పెడతారు, ఫైల్ తేల్చడానికి మీకు మీరు పెట్టుకున్న గడువు ఏది?

క్రమబద్ధీకరణ చార్జీ ఒక ఎత్తు, దాని మీద ఓపెన్ స్పేస్ చార్జీ అని ప్లాటు విలువలో 14 శాతం ఇంకో ఎత్తు. ప్రభుత్వ లెక్కలో గజం 5,000 అనుకుంటే 200 గజాలకి 10 లక్షలు, దాని మీద 14 శాతం అంటే 1,40,000. ఎందుకు ఈ డబ్బు? లేఅవుట్ వేసినవాడు పార్కుకు స్థలం వదల్లేదు కాబట్టి. వదలాల్సిన స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకుని వెళ్లిపోయింది అతను. కడుతున్నది మేము. ఇదే మనిషి మా కాలనీకి అవతల ఇంకో వెంచర్‌కి బ్రోచర్లు పంచాడు. 500 చదరపు మీటర్లు దాటినా 8 యూనిట్లు దాటినా రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు తప్పనిసరి అని 2016 చట్టం చెబుతోంది, ఆ నిబంధన అతన్ని ఆపలేదు.

రోడ్ల సంగతీ అంతే. 30 అడుగుల రోడ్డు ఉండాలన్నారు, పేదల కాలనీల్లో, చిన్న ప్లాట్ల మధ్య 20 అడుగులున్నా ఒప్పుకుంటామన్నారు. మాకు లేఅవుట్ కాపీలో 30 అడుగులు చూపించి నేల మీద 25 వదిలారు. ఆ తక్కువైన 5 అడుగులు రెండు వైపుల ప్లాట్ల నుంచి చెరి సగం పోవాలి. డబ్బు పోయి, పైన స్థలమూ పోతుంది. అయినా కట్టడానికి మా కాలనీ వాళ్లు సిద్ధంగానే ఉన్నారు, ఎందుకంటే అనుమతి పత్రం చేతికొస్తే చాలనుకునే స్థితికి వచ్చేశారు.

3. చెరువు గీత ఎక్కడ?

ఇదే మాకు ముఖ్యం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

2012 ఏప్రిల్ 7 నాటి 168 జీవో భవన నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. ఇలా వదలాల్సిన జాగానే బఫర్ అంటారు. నిబంధన మంచిదే, దాని మీద మాకు పేచీ లేదు. ఆ 30 మీటర్లు ఎక్కడ నుంచి కొలవాలి అన్నదే ప్రశ్న. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు వచ్చి ఆగే గీతనే ఎఫ్‌టీఎల్ అంటున్నారు. హెచ్ఎండీఏ పరిధిలో వేలాది చెరువులుంటే, అభ్యంతరాలు విని తుది నోటిఫికేషన్ ఇచ్చినవి ఏళ్ల తరబడి చాలా తక్కువగానే ఉన్నాయి. మిగతావి ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరో, మ్యాపుల దగ్గరో ఆగిపోయాయి. హైకోర్టు గడువులు పెట్టి అడగాల్సి వచ్చిందంటే పని ఎంత నెమ్మదిగా సాగిందో మీకే తెలుసు.

మా చెరువు దగ్గర ఏముందో చెబుతాను. తూర్పు వైపు గట్టు దిగాక, సర్కారు తుమ్మల మధ్య ఒక రాయి పాతి ఉంది, దాని మీద ఎర్ర రంగుతో ఎఫ్‌టీఎల్ అని రాసి ఉంది, అక్షరాలు సగం పోయాయి. అక్కడి నుంచి మా ప్లాట్ల వైపు నడుస్తూ వస్తే ఇంకో రాయి కనిపిస్తుంది, ఇది తెల్ల సున్నం కొట్టిన కొత్త రాయి, దీని మీదా అవే అక్షరాలు. మధ్యలో రెండు వరసల ప్లాట్లు ఉన్నాయి. పాత రాయి లెక్కలో ఆ రెండు వరసలూ బఫర్‌కి కూడా బయట. కొత్త రాయి లెక్కలో అవి చెరువులో ఉన్నట్టు, మా వరస బఫర్‌లో ఉన్నట్టు. రెండు రాళ్లూ ప్రభుత్వం పాతినవే. ఏది చెల్లుతుందని అడిగితే, సర్వే మళ్లీ చేయాలన్నారు. ఎప్పుడని అడిగితే, స్టాఫ్ లేరన్నారు.

ఇది అక్కడితో ఆగే సమస్య కాదు. ఎల్ఆర్ఎస్ పరిశీలనలో చెరువుకు 200 మీటర్ల లోపు ఉన్న సర్వే నంబర్లను విడిగా పక్కనపెట్టి, ఇరిగేషన్, రెవెన్యూ ఎన్ఓసీ కావాలంటున్నారు. సర్వే నంబర్ అంటే ఒక ప్లాటు కాదు, పది ఎకరాలుండొచ్చు, నలభై ఎకరాలుండొచ్చు. దాని ఒక మూల చెరువు వైపు ఉంటే, అర కిలోమీటరు దూరాన మెట్ట మీదున్న ప్లాటు ఫైలు కూడా ఆగిపోతోంది. ఎన్ఓసీ కోసం ఇరిగేషన్ ఆఫీసుకి వెళితే, దరఖాస్తు మున్సిపాలిటీ ద్వారా రావాలంటారు. మున్సిపాలిటీకి వెళితే, ఆన్‌లైన్‌లో 'షార్ట్‌ఫాల్: ఇరిగేషన్ ఎన్ఓసీ జతచేయండి' అని చూపిస్తుంది, అది మీరే తెచ్చుకోవాలంటారు. మా వీధిలో ఒకాయన ఆ రెండు మాటలనీ రెండు ఆఫీసుల్లోనూ ఒకే కాగితం మీద రాసివ్వమని బతిమాలాడు, ఎవరూ రాయలేదు.

శిఖం భూముల, అంటే చెరువు లోపలి భూముల సంగతి మరీ దారుణం. శిఖం పట్టాలున్న చోట నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కే తప్ప కట్టడాలు కట్టే హక్కు లేదు. అది రెవెన్యూ రికార్డుల్లో రాసి ఉన్న మాట. అయినా అలాంటి భూములు గజాల్లోకి మారి అమ్ముడయ్యాయి, రిజిస్టరయ్యాయి, కరెంటు మీటర్లొచ్చాయి, ఇంటి నంబర్లొచ్చాయి. ఇన్ని మెట్లలో ఒక్క మెట్టు దగ్గరైనా ఒక్క అధికారి ఆపి ఉంటే ఎన్నో కుటుంబాలు బయటపడేవి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు, ముందస్తు నోటీసు, కనీసం 15 రోజుల గడువు, తన వాదన చెప్పుకునే అవకాశం లేకుండా ఎవరి ఇల్లూ కూల్చకూడదని తీర్పు ఇచ్చింది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు మార్గాలు, నదులు, జలవనరుల్లోని ఆక్రమణలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని కూడా అదే తీర్పులో ఉంది. అంటే నాకు 15 రోజుల నోటీసు వస్తుందా, తెల్లారేసరికి జేసీబీ వస్తుందా అన్నది ఆ గీత ఎక్కడుందన్న దాని మీద ఆధారపడింది. ఆ గీతనే మీరు ఖాయం చేయలేదు. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చింది, దాని పరిధి ఔటర్ వరకే అన్నారు, మాది అవతల. అయినా టీవీలో కూల్చివేతలు చూసిన ప్రతిసారీ మా కాలనీలో రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్న వాళ్లకి టెన్షన్, రాత్రిళ్లు నిద్ర లేదు.

4. పంచాయతీ పోయింది, రికార్డు ఎక్కడ?

2018లో రాష్ట్రంలో 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి, మా ఊరూ అలాగే మున్సిపాలిటీలో కలిసింది. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ చుట్టుపక్కల ఇంకో 51 గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. బోర్డు మారింది, రికార్డులు ఏమయ్యాయి? మా పాత పంచాయతీలో లేఅవుట్ రిజిస్టర్ ఉండేదని అప్పటి కార్యదర్శే చెప్పాడు. అది తమకు అప్పగించలేదని మున్సిపాలిటీ అంటోంది. మా దగ్గరున్న కాపీ నిజమైనదో నకిలీదో తేల్చగల ఏకైక పుస్తకం లేదు కాబట్టి అందరి కాపీలూ అనుమానాస్పదమే అయ్యాయి. పుస్తకం పోగొట్టిన వాళ్లకి మెమో కూడా లేదు, రుజువు చేసుకునే బాధ్యత మాత్రం మా మీద.

5. నాకు తెలియనిదానికి నా చేత పూచీ

భవన అనుమతుల కోసం 2020లో తెచ్చిన స్వీయ ధ్రువీకరణ చట్టం మంచి చట్టం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఒక్క రూపాయికి రిజిస్ట్రేషన్, 500 చదరపు మీటర్ల వరకు 10 మీటర్ల ఎత్తు లోపైతే వెంటనే అనుమతి, అంతకు మించితే 21 రోజుల్లో జవాబు. లంచం అడిగే చెయ్యి చాలా చోట్ల ఆగింది. కానీ ఆ దరఖాస్తులో నేను పూచీ పడాలి: స్థలం ప్రభుత్వ భూమిలో లేదని, చెరువులో లేదని, మాస్టర్ ప్లాన్‌కు విరుద్ధం కాదని. అబద్ధమైతే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టం మీకిచ్చింది. ప్రభుత్వమే తేల్చని చెరువు హద్దు గురించి, సర్వే పరికరాలున్న శాఖే చెప్పలేని దాని గురించి, మిషన్ కుట్టుకునే మనిషి చేత, ఆటో నడిపే మనిషి చేత పూచీ ఎలా తీసుకుంటారు?

6. మాస్టర్ ప్లాన్ జోన్లు

2013లో నోటిఫై అయిన హెచ్ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్, పెరి అర్బన్ జోన్ అంటూ రంగులున్నాయి. ఊళ్లో ఎంతమందికి ఆ మ్యాపు చూడటం వచ్చు? పంచాయతీ గోడ మీద తెలుగులో అతికించిన పాపాన ఎవరూ పోలేదు. 1996 మార్చిలో 111 జీవోతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో సడలిస్తున్నామన్నారు, ఏ సర్వే నంబర్లో ఎంత కట్టుకోవచ్చో చెప్పే నియమాలు మాత్రం వెంట రాలేదు. ఆ మధ్యలో కొన్నవాడు ఏ నియమం కింద కొన్నట్టు?

ఈ ఆలస్యం ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చెప్పాలి. అనుమతి లేకపోతే బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు, కాబట్టి కట్టుకోక తప్పనివాళ్లు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడుతున్నారు. ఏడాదికి 24 శాతం. మా పక్క ప్లాటు దంపతులు టైలరింగ్ చేస్తారు. ఇంటద్దె ఒకవైపు, చిట్టీ పాడి కొన్న ప్లాటు తాలూకు అప్పు ఇంకోవైపు. ఆర్టీసీలో పనిచేస్తూ భర్త పోయిన ఒకావిడ, వచ్చిన డబ్బుతో కూతురి పేరున ఇక్కడ 150 గజాలు కొంది. పెళ్లికి అమ్ముదామంటే ఎల్ఆర్ఎస్ లేదని సగం ధర అడుగుతున్నారు. అలా అడిగే బ్రోకర్‌కి ఫైల్ ఎప్పుడు క్లియరవుతుందో ఆవిడకంటే బాగా తెలుసు. పెద్ద వెంచర్లకి లాయర్లున్నారు, కన్సల్టెంట్లున్నారు, వాళ్ల ఫైల్ పట్టుకుని తిరిగే మనిషి ఉన్నాడు. 100, 150, 200 గజాల వాళ్లం ఒక పూట కూలి, ఒక రోజు జీతం వదులుకుని వచ్చి మీ వరండాలో నిలబడుతున్నాం.

మేం అడుగుతున్నవి:

1. ప్రతి అమ్మకానికి ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఒక పేజీ 'స్థల స్థితి పత్రం' తెలుగులో ఇవ్వాలి. లేఅవుట్ అనుమతి నంబరు ఉందా లేదా, మాస్టర్ ప్లాన్ జోన్, 22-ఎ జాబితా, చెరువు లేదా నాలా హద్దు నుంచి దూరం, రికార్డు ప్రకారం రోడ్డు వెడల్పు. కొనేవాడు అది చదివి సంతకం పెట్టాకే దస్తావేజు తీసుకోవాలి. అందులో ఉన్నదానికి ప్రభుత్వం కట్టుబడాలి, రేపు వేరే శాఖ వచ్చి కాదనకూడదు.

2. చెరువు హద్దుల తుది నోటిఫికేషన్‌కు చెరువు వారీగా తేదీలు ప్రకటించండి. ప్రాథమిక మ్యాపును, సర్వే నంబర్లతో, ఊళ్లో కనిపించే చోట పెట్టండి. అభ్యంతరాలకు సమయమివ్వండి, విన్నాక కారణాలతో తేల్చండి. పాత రాళ్లు తీసేసి ఒకే వరస రాళ్లు పాతండి. అది తేలేవరకు ఆ ప్రతిపాదిత గీత లోపల కొత్త అమ్మకాలు కూడా రిజిస్టర్ చేయొద్దు. ఇది మా ప్లాట్ల ధర తగ్గించే డిమాండే, అయినా అడుగుతున్నాం, ఇంకో కుటుంబం మాలాగా ఇరుక్కోకూడదని.

3. ఎల్ఆర్ఎస్ ఫైళ్లను సర్వే నంబర్ మొత్తంగా కాకుండా ప్లాటు వారీగా తేల్చండి. రెవెన్యూ, ఇరిగేషన్, టౌన్ ప్లానింగ్ సిబ్బంది ముగ్గురూ ఒకే రోజు, ఒకే మ్యాపుతో కాలనీకి రావాలి. ఎన్ఓసీ కావాలంటే మున్సిపాలిటీయే పక్క శాఖకు పంపి తెప్పించుకోవాలి, దరఖాస్తుదారు మోయకూడదు. 60 రోజుల్లో అవునో కాదో, కాదంటే ఎందుకో రాతలో చెప్పండి. కాదన్నవాళ్లకి కట్టిన డబ్బంతా వడ్డీతో తిరిగివ్వండి.

4. వసూలైన క్రమబద్ధీకరణ సొమ్ము విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాంత సదుపాయాలకే వాడాలని 2020 నిబంధనల్లోనే ఉంది. కాలనీ వారీగా ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది ప్రకటించండి. మా కాలనీలో ఇప్పటికీ మోరీ లేదు.

5. పార్కు స్థలం అమ్ముకున్నది లేఅవుట్ వేసిన వ్యక్తి అయినప్పుడు 14 శాతం అతని దగ్గర వసూలు చేయండి. దస్తావేజుల్లో అమ్మకందారు పేరు, ఆధార్, పాన్ అన్నీ ఉన్నాయి, వెతకాల్సిన పని లేదు. అది తేలేవరకు అతని కొత్త వెంచర్లకు రిజిస్ట్రేషన్ ఆపండి. ప్లాట్లుగా అమ్మేసిన భూమి ఇంకా పాత పట్టాదారు పాస్‌బుక్‌లోనే ఉంటే ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వెంటనే సరిచేయండి, లేదంటే అదే భూమిని ఎకరాల లెక్కన మళ్లీ అమ్ముతారు, అమ్మిన చోట్లూ ఉన్నాయి.

6. అనుమతి ఇవ్వకూడని చోట ఇచ్చిన అధికారి, ఇంటి నంబరు వేసిన అధికారి, లేఅవుట్ రిజిస్టర్ పోగొట్టిన అధికారి, వీళ్ల మీద ఏ చర్య తీసుకున్నారో ఏడాదికోసారి ప్రకటించండి. కూల్చివేత జరిగిన ప్రతి చోటా, ఆ కట్టడానికి ఎవరెవరు సంతకాలు పెట్టారో కూడా అదే రోజు చెప్పండి.

7. ప్రభుత్వ అనుమతి నమ్మి కట్టుకుని, తర్వాత చెరువు హద్దులో ఉందని తేలిన ఇళ్లలోని వాళ్లకి ముందు ప్రత్యామ్నాయం చూపించి, తర్వాతే ఖాళీ చేయించండి. పిల్లల చదువుల మధ్యలో, వానాకాలంలో వద్దు.

మాలాంటి ప్లాట్లు కొన్నవాళ్లకి కూడా ఒక మాట. నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు, సమాచార హక్కు చట్టం కింద రాతలో అడగండి. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, ఆ పైన ఆఫీసులకైతే 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగు ప్రశ్నలు చాలు: మా సర్వే నంబర్ ఏ జోన్? మా చెరువుకి తుది నోటిఫికేషన్ వచ్చిందా, వస్తే తేదీ, మ్యాపు కాపీ? మా లేఅవుట్ రికార్డు ఎవరి దగ్గరుంది? మా ఎల్ఆర్ఎస్ ఫైల్ ఈ రోజు ఏ అధికారి టేబుల్ మీద, ఏ తేదీ నుంచి ఉంది? వచ్చిన జవాబులు కాలనీ అంతా ఒకచోట పెట్టుకోండి. విడివిడిగా వెళితే మనల్ని తిప్పుతారు, కలిసి వెళితే కనీసం కాగితం చూస్తారు.

అధికారులారా, పై ఏడింటిలో మొదటి మూడింటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న శాఖలు ఉన్న సమాచారాన్ని ఒకచోట పెడితే చాలు. కాబట్టి ఆ మూడింటి మీద నెల లోపు రాతపూర్వక జవాబు కోరుతున్నాం. జాయింట్ సర్వేకి ఏ రోజు వస్తారో చెబితే, మా కాలనీ వాళ్లం దస్తావేజులు, ఈసీలు, ఎల్ఆర్ఎస్ రసీదులు, పాత లేఅవుట్ కాపీ అన్నీ పట్టుకుని చెరువు గట్టు దగ్గరే ఉంటాం. ఆదివారమైనా సరే.

ఇట్లు,
ఎల్ఆర్ఎస్ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్న ఒక ప్లాటు యజమాని,
కాలనీ వాసుల తరఫున